ఆరువందల పన్నెండో సంతకం

మా పెద్దమ్మ బిళ్ళ ఎర్రబడటానికి కారణమైన సూత్రం రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో చాలామందిని తిట్టబోతున్నాను కాబట్టి ఆ వరసలో మొదటి పేరు నాదే ఉండాలి. నా పేరు హెప్సిబా. ఇంట్లో హెప్సీ అంటారు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక అద్దాల మేడలో, ఐదో అంతస్తులో కూర్చుని, మనుషుల పరువుకు రంగులు వేసే యంత్రాన్ని తయారుచేసిన పదకొండుమందిలో నేనొకదాన్ని.

యంత్రం పేరు నిగ్గు. మొదటిసారి అందరికీ చూపించిన రోజున మా అధిపతి చక్రపాణి గారు ఒక పెద్దమనిషిని వేదిక మీదికి పిలిచి, ఆయన గుర్తింపు సంఖ్యను దానికి ఇచ్చారు. ఎనిమిది సెకన్లు పట్టింది. ఆయన గురించి నెట్‌లో బహిరంగంగా దొరికే కోర్టు తీర్పులు, పత్రికా వార్తలు, ప్రభుత్వ నివేదికలు, జనం రాసిన మెప్పులూ తిట్లూ అన్నీ అది చదివేసింది. ఆయన జేబుకు తగిలించిన రూపాయి కాసంత బిళ్ళ ఆకుపచ్చగా వెలిగింది. హాలంతా చప్పట్లు. నేనైతే అరిచేతులు మండేదాకా కొట్టాను.

ఏడాది తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. జనంతో పనిచేసే ప్రతి ఒక్కరూ, టీచరు మొదలు బస్సు కండక్టరు దాకా, ఆ బిళ్ళ పెట్టుకోవాల్సిందే. ఆకుపచ్చ అంటే నమ్మొచ్చు. పసుపు అంటే కాస్త చూసుకోండి. ఎరుపు అంటే దూరం జరగండి.

ఇందులో నా వాటా ఏమిటో చెప్తాను. మన రాష్ట్రంలో పదిమందిలో ఏడుగురి గురించి నెట్‌లో రెండు మూడు ముక్కలకు మించి దొరకవు. అలాంటివాళ్ళకు ఏ రంగు వేయాలన్నది తేల్చే పని నాకు అప్పగించారు. నేను రెండు వాక్యాలు రాశాను. మనిషి తన చెడును దాచుకుంటాడు కనుక, దాచినా బయటపడ్డ చెడుకు మూడింతల బరువు ఇవ్వాలి. మంచి చేసి ఉంటే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కనుక, కనిపించని మంచి లేనట్టే. ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడండి. నలభై వేలమంది మీద పరీక్షిస్తే నూటికి తొంభై ఒక్క మంది విషయంలో సరిపోయింది. మిగతా తొమ్మిదిమంది ఎవరని నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరికీ జున్ను పెట్టించారు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

మా పెద్దమ్మ రూతమ్మ, మా అమ్మకు అక్క. రావులపేట జిల్లా ఆసుపత్రిలో పసికందుల వార్డుకు హెడ్ సిస్టర్. నెలలు నిండకుండా, కిలో తూగకుండా పుట్టిన పిల్లలు వచ్చే వార్డు అది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. డాక్టర్లు మూడేళ్ళకోసారి మారిపోతారు. ఆ వార్డుకు కోరి వచ్చేవాళ్ళు లేరు కాబట్టి పెద్దమ్మను కదపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అగ్గిపుల్లంత చేతిలో రక్తనాళం ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలుసు. డాక్టర్లు కూడా రెండుసార్లు గుచ్చి దొరక్కపోతే "రూతమ్మ గారిని పిలవండి" అంటారు.

ఆ వార్డులో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. బిడ్డ చనిపోతే మరణ నివేదిక రాయాలి. అందులో 'బాధ్యత వహించిన నర్సు' అని ఒక గడి ఉంటుంది. ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళ పేరు రాయాలని నిబంధన. పెద్దమ్మ ఏనాడూ రాయనివ్వలేదు. ఎవరి చేతుల్లో పోయినా, తను వారాంతపు సెలవులో ఉన్నా సరే, మర్నాడు వచ్చి ఆ గడిలో తన సంతకమే పెట్టేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఎందుకని అడిగాను.

"ఆ పిల్లలకి ఇరవై ఏళ్ళుంటాయే," అంది. "తన పేరు ఆ కాయితం మీద చూసుకుందనుకో, రేపు ఇంకో బిడ్డకి సూది పెట్టేటప్పుడు చెయ్యి ఒణుకుద్ది. ఒణికిందా, ఆ బిడ్డా పోద్ది. నా చెయ్యి ఒణకదులే. నా పేరే ఉండనీ."

మూడేళ్ళ కిందట ఆరోగ్యశాఖ మరణ నివేదికలన్నీ నెట్‌లో పెట్టింది. దాపరికం ఉండకూడదట. మంచి పనే. కానీ బతికిన పిల్లల సంగతి ఎక్కడా పెట్టలేదు. బతికిన బిడ్డకు ఒక డిశ్చార్జి చీటీ ఇస్తారు. తల్లి దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కుతుంది. అంతటితో ఆ చీటీ సంగతి లోకానికి తెలియదు. పైగా రావులపేట మెయిన్‌రోడ్డులో నాలుగంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది. బిడ్డ పరిస్థితి చేయి దాటిపోతోందనగానే అంబులెన్సు ఎక్కించి జిల్లా ఆసుపత్రికి తోలేస్తారు. ఆ మరణం జిల్లా ఆసుపత్రిలో నమోదవుతుంది. మెయిన్‌రోడ్డు ఆసుపత్రిలో మరణాలు సున్నా.

ఇక నిగ్గుకు దొరికింది ఇదీ. రూతమ్మ, హెడ్ సిస్టర్, ఆరువందల పదకొండు మరణాలు, ఆమె గురించి ఒక్క మంచిమాట లేదు. నా రెండు వాక్యాలు తమ పని తాము చేసుకుపోయాయి.

బిళ్ళలు అమల్లోకి వచ్చిన సోమవారం నేను రావులపేటలోనే ఉన్నాను. మా యంత్రం జనంలో ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూద్దామని, పనిలో పనిగా పెద్దమ్మకు చూపించి మురిసిపోదామని సెలవు పెట్టి వచ్చాను. ఉదయం పది గంటలకు వార్డు ముందు వరండాలో నిలబడి ఉండగా పెద్దమ్మ బిళ్ళ తగిలించుకుంది. అది ఎర్రగా వెలిగింది.

"ఏంటే ఇది, బల్బు పోయిందా?" అంది.

నేను నోరు తెరిచేలోపు వాకిట్లో ఆటో ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి దిగి పరుగెత్తుకొచ్చాడు. చేతుల్లో తువ్వాలు, తువ్వాల్లో గుప్పెడంత బిడ్డ. పెదాలు నీలంగా ఉన్నాయి. పెద్దమ్మ అప్పటికే రెండు చేతులూ చాపింది. అతను ఇవ్వబోయి, ఆమె గుండె మీది దీపం చూసి ఆగిపోయాడు.

"ఎర్రదీపమండి మీది," అన్నాడు.

"దీపం సంగతి తర్వాత. ఇటియ్యి నాయనా, బిడ్డకి ఊపిరందట్లేదు."

"టీవీలో చెప్పారండి. ఎర్రదీపమోళ్ళకి ఇవ్వొద్దని చెప్పారు." బిడ్డను ఒక చేత్తో అదుముకుని, ఫోను తీసి ఆమె కోటు మీదున్న పేరు కొట్టాడు. "ఆరొందల పదకొండు మంది... మీ చేతుల్లో... వద్దండి బాబూ. మెయిన్‌రోడ్డు ఆసుపత్రిది పచ్చదీపం."

"నాలుగు నిమిషాలు చాలయ్యా నాకు! గొట్టం వేసి ఇచ్చేస్తాను, తర్వాత నీ ఇష్టమొచ్చిన చోటికి తీసుకెళ్ళు!" పెద్దమ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. అతను వెనక్కి తిరిగి ఆటో ఎక్కేశాడు. ఆమె చేతులు అలా చాచే ఉన్నాయి.

నేనేం చేశానంటే, గోడకు అతుక్కుపోయి చూశాను. 'ఆ దీపం తప్పు, నాకు తెలుసు, నేనే చేశాను' అని ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. అరవలేదు. యంత్రం తప్పయి ఉండదు, ఎక్కడో సమాచారంలో తేడా వచ్చి ఉంటుందని ఆ క్షణంలో కూడా లోపల ఆలోచిస్తున్నాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఇక్కడే.

మధ్యాహ్నం రెండు దాటాక మెయిన్‌రోడ్డు ఆసుపత్రి అంబులెన్సు వచ్చింది. ఎప్పటిలాగే ఆఖరి ఘడియలో పంపారు. పెద్దమ్మ ఆ బిడ్డ గుండెను రెండు బొటనవేళ్ళతో నలభై నిమిషాలు నొక్కింది. ఈసారి ఆ తండ్రి దీపం వైపు చూడనైనా లేదు. బిడ్డ బతకలేదు.

డ్యూటీలో ఉన్న శిరోమణి అనే కొత్త నర్సు ఏడుస్తూ నివేదిక ముందు కూర్చుంది. పెద్దమ్మ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుంది. "లే. మొహం కడుక్కుని మూడో మంచం బిడ్డకి పాలు పట్టు," అని చెప్పి, గడిలో తన సంతకం పెట్టింది. ఆరువందల పన్నెండు. తన చేతికి ఇవ్వకుండా తీసుకుపోయిన బిడ్డ కూడా ఆమె పేరు మీదే పడ్డాడు. మెయిన్‌రోడ్డు ఆసుపత్రి పచ్చదీపానికి మసి కూడా అంటలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక ఆ తండ్రి మీద చూపించాను. సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, నివేదికలో చూసిన అతని పేరు నిగ్గులో కొట్టాను. నూకరాజు, తాపీమేస్త్రి. నెట్‌లో రెండే ముక్కలు. ఒకటి, రోడ్డు దిగ్బంధం చేసి పోలీసులతో గొడవపడ్డ కేసు. రెండు, అంబులెన్సు సర్వీసు పేజీలో పచ్చి బూతులు. రంగు ఎరుపు. అనుకున్నాను, రౌడీ వెధవ, వీడి మొండితనానికి బిడ్డ బలైపోయాడు. అతని పేరు, ఊరు, ఫొటోతో సహా మొత్తం రాసి జనం మీదికి వదలబోయాను. వేలు మీట మీదే ఉంది.

"ఏం రాత్తన్నావే అంత కోపంగా?" వెనకనుంచి పెద్దమ్మ తొంగిచూసి చదివింది. చదివి, ఫోను నా చేతిలోంచి లాగేసుకుంది.

"అతని గురించి నీకేం తెల్సు?"

"రికార్డు ఉంది పెద్దమ్మా. కేసుంది."

"ఉంది. మూడేళ్ళ కిందట అతని పెళ్ళానికి నొప్పులొత్తే నాలుగ్గంటలు అంబులెన్సు రాలేదు. బిడ్డ దారిలోనే పోయింది. ఆ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మొగుడూ పెళ్ళాం రోడ్డు మీద కూకున్నారు. అదే నీ కేసు. ఆ రోజు ఆ తల్లి చెయ్యి పట్టుకుని కూకుంది నేనే. అతను నన్ను గుర్తుపట్టలేదు, నేను గుర్తుపట్టాను." ఫోను నా చేతిలో పెట్టింది. "రెండో బిడ్డనైనా బతికించుకుందామని, మీరు నమ్మమన్న దీపాన్ని నమ్మాడు. ఇంకేం చెయ్యాలే అతను?"

నన్ను పట్టుకుని కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. యంత్రం పెద్దమ్మకు చేసిందే నేను అతనికి చేయబోయాను. యంత్రానికైనా ఎనిమిది సెకన్లు పట్టింది. నాకు అంత కూడా పట్టలేదు.

మర్నాడు విశాఖపట్నంలో చక్రపాణి గారి గదిలో నిలబడ్డాను.

"నాలుగో జవాబు ఒకటి పెట్టాలి సర్," అన్నాను. "సమాచారం చాలనప్పుడు నిగ్గు రంగు వేయకూడదు. తెలియదు అని చెప్పాలి."

ఆయన నవ్వారు. "తెలియదని చెప్పే యంత్రం ఎవరికి కావాలి హెప్సిబా? తెలియకపోవడం జనానికి ముందే వచ్చుగా, దానికి మనమెందుకు?"

"ఒక బిడ్డ చచ్చిపోయాడు సర్."

"చూశాను, బాధగానే ఉంది. కానీ మీ పెద్దమ్మ గారు కాబట్టి నువ్వు సూత్రం మార్చమంటున్నావు. పక్షపాతం ఉండకూడదనే కదా మనం యంత్రం పెట్టింది." తర్వాత గొంతు తగ్గించి, చాలా దయగా ఒక దారి చెప్పారు. గురువారం పెద్దమ్మ మీద విచారణ ఉంది. నర్సుగా ఆమె రిజిస్ట్రేషన్ రద్దు చేయాలా వద్దా అని తేలుస్తారు. ఆ మరణాలప్పుడు నిజంగా డ్యూటీలో ఎవరున్నారో ఆమె పేర్లు చెప్పేస్తే, ఆరువందల పన్నెండునూ నలభై ముగ్గురు నర్సుల మీదికి సర్దేయవచ్చు. అందరూ పసుపవుతారు. ఎరుపు ఎవరికీ ఉండదు.

సిగ్గు లేకుండా ఆ మాట మోసుకుని ఆ సాయంత్రమే రావులపేట వెళ్ళాను. పెద్దమ్మను అప్పటికే వార్డు నుంచి తప్పించి మందుల స్టోరులో కూర్చోబెట్టారు. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది.

"పేర్లు చెప్పేయ్ పెద్దమ్మా," అని బతిమాలాను. "నీకన్నీ గుర్తే. చెప్తే మళ్ళీ వార్డుకి పంపుతారు. నువ్వు లేకపోతే ఆ పిల్లల గతేంటి?"

"పేర్లు చెప్పి ఎల్లితే, ఆ వార్డులో నలభై ముగ్గురి చేతులు ఒణుకుతుంటాయి. అప్పుడు ఆ పిల్లల గతేంటి?" అని నా మొహంలోకి చూసింది. "ఇయ్యాల పొద్దున శిరోమణి ఒక బిడ్డకి ఐదుసార్లు గుచ్చిందంట. నేను లేనని భయం దానికి. దానికి తోడు దాని నెత్తిన ఈ బరువు కూడా ఎత్తమంటావా?"

ఇంక అడగలేదు. విచారణ జరిగే కలెక్టరాఫీసు పక్క సందులోని లాడ్జిలో కూర్చుని బుధవారమంతా పనిచేశాను. నిగ్గు సూత్రాన్ని మార్చే తాళం ఇంకా నా పేరు మీదే ఉంది. నా రెండు వాక్యాలూ కొట్టేశాను. వాటి చోట కొత్తవి రాశాను. ఒక మనిషి గురించి ఒకే వైపు సమాచారం దొరికితే అది సమాచారం కాదు. తన గురించి తను వేయించుకున్న వార్త సాక్ష్యం కాదు. సాక్ష్యం చాలనప్పుడు దీపం వెలగకూడదు.

గురువారం పదకొండు గంటలకు విచారణ మొదలైంది. పై కుర్చీలో ఆరోగ్యశాఖ సంయుక్త సంచాలకులు రామబ్రహ్మం గారు, ఆయన కోటు మీద నిగనిగలాడే పచ్చదీపం. ఎదుట పెద్దమ్మ, ఎర్రదీపం. వెనక బెంచీలో ఫిర్యాదుదారుగా పిలిపించిన నూకరాజు. అతని పక్కన ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో నేను.

రామబ్రహ్మం గారు పెద్దమ్మ మొహం వైపు చూడనే లేదు. "నిగ్గు నివేదిక చూశాను. మీరు చెప్పుకునేది ఏమీ లేకపోతే..." అంటూ పెన్ను మూత తీశారు.

నేను మీట నొక్కాను.

పెద్దమ్మ ఎర్రదీపం ఆరిపోయింది. మరుక్షణం రామబ్రహ్మం గారి పచ్చదీపమూ ఆరిపోయింది. ఆయన మంచితనానికి నెట్‌లో ఉన్న ఆధారాలన్నీ రిబ్బన్లు కత్తిరించిన ఫొటోలే, అవీ ఆయన ఆఫీసు వాళ్ళు వేయించినవే. గుమాస్తా బిళ్ళ, గుమ్మం దగ్గర జవాను బిళ్ళ, అన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. రాష్ట్రంలో పదికి ఏడు ఆరిపోయాయని తర్వాత తెలిసింది.

"నాదేమైంది?" ఆయన బిళ్ళను వేలితో కొట్టి చూసుకున్నారు. "ఏమయ్యా, నాదేమైంది?"

గుమాస్తా కంప్యూటరు తెర చదివాడు. "తెలియదు, అడిగి తెలుసుకోండి అని వస్తోందండి. మీకూ అంతేనండి, ఆవిడకీ అంతేనండి."

గదిలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. నాలుగు రోజులకే మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మరిచిపోయారు! చివరికి ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా... ఆ వార్డులో మీరేం చేస్తారు?"

"పొద్దున రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కుంటానండి," అంది పెద్దమ్మ. అక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పింది. మధ్యలో ఆయన అడ్డుపడుతూ అడిగారు, ఆమె చెబుతూ పోయింది. మెయిన్‌రోడ్డు అంబులెన్సుల సంగతి చెప్పినప్పుడు ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"మరి బతికినవాళ్ళు ఎంతమంది?"

"లెక్క పెట్టలేదండి. బతికినోళ్ళు ఇంటికెళ్ళిపోతారు కదండీ."

"ఈ సంతకాల్లో మీరు లేనప్పుడు పోయినవాళ్ళవి ఎన్ని?"

"అన్నీ నావేనండి," అంది. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయారు.

అప్పుడు నా పక్కనున్న నూకరాజు లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఒక్క మాట. ఈవిడ ఇంత చేసే మడిసైతే, ఆ రోజు ఎర్రదీపం ఎందుకెలిగిందండి? ఎవరెలిగించారండి?"

గదిలో అందరూ గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా కంప్యూటరు వైపు చూశాడు.

"నేను," అన్నాను. "ఆ సూత్రం రాసింది నేనండి. ఆ రోజు వరండాలో కూడా ఉన్నాను. తప్పని అనుమానం వచ్చింది. అయినా నోరు విప్పలేదు."

అతను నా వైపు తిరిగాడు. తిడతాడని, కొడతాడని అనుకున్నాను. కొడితే బావుండనుకున్నాను. "మగబిడ్డండి," అన్నాడు. "పేరు కూడా ఎట్టలేదు." అని కూర్చుండిపోయాడు.

యాభై రెండు నిమిషాలకు మా కంపెనీ వాళ్ళు పాత సూత్రం తిరిగి పెట్టేశారు. రామబ్రహ్మం గారిది మళ్ళీ పచ్చబడింది. పెద్దమ్మది ఎర్రబడింది. సూత్రం మార్చింది నేనేనని కంపెనీ నెట్‌లో ప్రకటన వేయడంతో, కంపెనీ వాళ్ళందరిలాగే నేనూ పెట్టుకున్న పచ్చబిళ్ళ కూడా ఎర్రబడింది. ఈసారి మాత్రం నా విషయంలో యంత్రం చెప్పింది అబద్ధమని నేననను. రామబ్రహ్మం గారు తన దీపం వైపు ఒకసారి చూసుకుని ఇబ్బందిగా కదిలారు. "విన్నాక విననట్టు ఎలా రాయను," అని గొణుక్కుంటూ, పెద్దమ్మను తిరిగి వార్డుకు పంపుతున్నట్టు సంతకం చేశారు. ఆమె వెంటనే లేచింది, మూడో మంచం బిడ్డ ఎలా ఉందోనని.

"ఒక్క నిమిషం," అన్నాను. "ఆఖరి మరణ నివేదిక ఇవ్వండి."

గుమాస్తా కట్టలోంచి తీసి ఇచ్చాడు. బాధ్యత వహించిన నర్సు అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో పెద్దమ్మ సంతకం. దాన్ని అడ్డంగా కొట్టేశాను. నర్సు అన్న మాట కూడా కొట్టేశాను. పెద్దమ్మ గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

"వద్దే హెప్సీ. నీ చెయ్యి ఒణుకుద్దే."

"ఒణకనీ పెద్దమ్మా," అని నా పేరు రాశాను.